ఆటల మాస్టారి ఇంట్లోనే ఆట ఆగిపోయింది



నేను మీ పిల్లల పి.ఇ.టి. సార్‌ని. పేరెంట్స్ మీటింగ్ రోజున మీరు మ్యాథ్స్, ఫిజిక్స్ టీచర్ల ముందు వరసలో నిలబడతారు. నా కుర్చీ ముందు ఎవరూ ఉండరు. ఎప్పుడైనా ఒకరిద్దరు వచ్చి, "సార్, మావాడు ఇంటికొస్తే కదలడు. ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. మీరైనా కాస్త చెప్పండి" అంటారు. "ఫోన్ తీసి దాచేయండి, వాడే బయటికి వస్తాడు" అని పదిహేడేళ్లుగా ఒకటే సమాధానం చెబుతూ వచ్చాను.

నిరుడు ఆ సలహా నా ఇంట్లోనే పనిచేయలేదు.

మా అమ్మాయి మన బ్రాంచిలోనే చదువుతోంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆరో తరగతి దాకా తనను గ్రౌండ్ నుంచి ఇంటికి తీసుకువెళ్లడమే నాకు పెద్ద పని. బ్యాగ్‌లో టెన్నికాయిట్ రింగ్ లేకుండా స్కూల్‌కి వచ్చేది కాదు. ఎనిమిదిలోకి వచ్చాక గేమ్స్ పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక వారం తలనొప్పి అంటుంది, ఒక వారం హోంవర్క్ అంటుంది. పి.ఇ.టి. కూతురే ఆడకపోతే మిగతా పిల్లలకు నేనేం చెప్పను? నామోషీగా అనిపించింది. ఇంటికి వెళ్లి కేకలేశాను. ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు వారాలు గడిచాయి. తను ఆడలేదు సరికదా, నాతో మాట్లాడటం కూడా తగ్గించింది.

చివరికి అసలు సంగతి వాళ్లమ్మ కనుక్కుంది. "ఏవండీ, దానికి ఆట మీద విసుగు రాలేదు. గేమ్స్ పీరియడ్ శనివారం, ఆ రోజు తెల్ల డ్రెస్. నెలసరి రోజుల్లో తెల్ల ప్యాంట్ వేసుకుని ఎలా పరిగెత్తుతుంది? మరకైతే అందరూ చూడరూ? ఆ భయంతో మొదట కూర్చుంది. తర్వాత కూర్చోవడమే అలవాటైంది" అంది.

పదిహేడేళ్లుగా ఆ తెల్ల బట్టల్లోనే ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి విజిల్ ఊదినవాణ్ణి నేను. ఒక్కసారి కూడా ఈ ఆలోచన రాలేదు.

ఆ రాత్రి తన పక్కన కూర్చుని, "ఇంకేమైనా ఉందా తల్లీ?" అని అడిగాను. ఒక్కొక్కటే చెప్పింది. తనతో రింగ్ ఆడే స్నేహితురాలు ఫౌండేషన్ కోచింగ్‌లో చేరింది, ఇప్పుడు జోడీ లేదు. గ్రౌండ్ అంతా మగపిల్లల క్రికెట్‌కే సరిపోతుంది, ఆడపిల్లలకు గోడ పక్క జాగా మిగులుతుంది. ఇంటికి చేరేసరికి ఐదున్నర, ఆరింటికి ట్యూషన్. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో "పిల్లలు ఆడరాదు" అని బోర్డు ఉంది. చివరగా నా వైపు చూసి, "యూనిట్ టెస్టులప్పుడు గ్రౌండ్‌కి వెళ్లొద్దని నువ్వే కదా నాన్నా అన్నావు? ఆట అంత ముఖ్యం కాదనేగా దానర్థం?" అంది.

ఆ కారణాల్లో బద్ధకం లేదు. ఫోన్ కూడా లేదు. ఆట పోయాక ఖాళీ అయిన చోట్లోకి ఫోన్ వచ్చి కూర్చుంది. ఫోన్ వల్ల నష్టం లేదని నేననను. కానీ దాన్ని లాక్కున్నంత మాత్రాన పిల్లలకు జోడీ దొరకదు, జాగా రాదు, సమయం రాదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటికి 146 దేశాల లెక్కలు చూసి ఆ సంస్థ పరిశోధకులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని తేలింది. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. ఇంతమందీ బద్ధకస్తులేనా? వాళ్ల రోజును మనం ఎలా అమర్చామో కూడా చూసుకోవాలి కదా!

పి.వి. సింధు పతకాల గురించి అందరం చెప్పుకుంటాం. ఆమె అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. కూతురు మాత్రం బ్యాడ్మింటన్ ఎంచుకుంది. పెద్దవాళ్లు ఆడే ఇంట్లో పిల్లలకు ఆట అన్నం తిన్నంత మామూలు విషయం అవుతుంది. మరి నేను? పగలంతా విజిల్ ఊది, ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చునేవాణ్ణి.

తర్వాత కొన్ని మార్పులు చేశాం. ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగితే, శనివారం ఆడపిల్లలు నేవీ బ్లూ ట్రాక్ ప్యాంట్ వేసుకోవచ్చన్నారు. గ్రౌండ్‌లో సగం గీత గీసి వాళ్లకు కేటాయించాను. ఇంట్లో ట్యూషన్‌ని అరగంట వెనక్కి జరిపాం. ఆ అరగంట మేం ముగ్గురం మేడ మీద షటిల్ ఆడుతున్నాం. పై ఫ్లోర్ అమ్మాయి కూడా వస్తోంది. మా అమ్మాయేమీ ఛాంపియన్ కాలేదు. ఇప్పటికీ ఒక్కో శనివారం చెట్టు కింద కూర్చుంటుంది. నేను కేకలేయడం మానేసి, ఏమైందని అడుగుతున్నాను.

మీకూ ఒక మనవి. ఈ నెల ఫోన్ లాక్కునే ముందు మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టి అడగండి. ఆడటానికి టైమ్ ఉందా? జాగా ఉందా? జోడీ ఉందా? బట్టలు, బూట్లు ఇబ్బంది పెడుతున్నాయా? చివరగా, "మేమేమైనా ఆపుతున్నామా?" అని కూడా అడగండి. ఆ జవాబు వినడం కొంచెం కష్టంగా ఉంటుంది, నాకూ ఉండింది.

వాళ్లు చెప్పింది వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నాతో పంచుకోండి. నా కుర్చీ ముందు వరస ఉండదు. మీరు ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.