ముప్ఫై నాలుగేళ్ళ తరువాత మంచు వాలుపై

శ్రీనగర్ నుండి గుల్‌మర్గ్ దాదాపు 50 కిలోమీటర్లు. టంగ్‌మర్గ్ వరకు దారి మామూలుగానే సాగుతుంది. అక్కడ వాహనాల చక్రాలకు ఇనుప గొలుసులు బిగిస్తారు. ఆపై 13 కిలోమీటర్లు దేవదారు వృక్షాల మధ్య మెలికలు తిరిగే ఎగువ దారి. పైన సుమారు 2,650 మీటర్ల ఎత్తున విశాలమైన పచ్చికబయలు. పూర్వం గౌరీమర్గ్‌గా పిలువబడిన ఈ చోటికి పదహారవ శతాబ్దపు పాలకుడు యూసుఫ్ షా చక్ గుల్‌మర్గ్, అంటే పూలబయలు, అని పేరు పెట్టాడంటారు. నేను వెళ్ళింది 2024 ఫిబ్రవరిలో కనుక పూలు లేవు, కనుచూపు మేర మంచే.

దేవబంద్‌లో నాతో చదువుకున్న మిత్రుడొకరిది టంగ్‌మర్గ్ ప్రాంతం. ఇప్పుడు స్వగ్రామంలో మక్తబ్ నడుపుతున్నారు. చలిరాత్రులలో రజాయిలు కప్పుకుని కూర్చున్నప్పుడు, పాదాలకు పొడవాటి పలకలు కట్టుకుని కొండవాలున పక్షిలా దిగడం గురించి ఆయన చెప్పేవారు. కోస్తా ఎండలలో పెరిగిన నాకు అవి కట్టుకథల్లా తోచేవి.

అవి కట్టుకథలు కావు. 1927లోనే ఆంగ్లేయ అధికారులు ఇక్కడ స్కీ క్లబ్బు స్థాపించారు. 1960ల చివర ప్రభుత్వ శిక్షణాసంస్థ వచ్చింది. వచ్చిన దొరల, పర్యాటకుల సామాను మోస్తూ చుట్టుపక్కల పల్లెల పిల్లలు చూసి నేర్చుకున్నారు. నా మిత్రుడూ అలాగే నేర్చినవారే. 1988లో కశ్మీరీ యువకుడు గుల్ ముస్తఫా దేవ్ కాల్గరీ ఒలింపిక్స్‌లో పాల్గొన్నప్పుడు ఆ పిల్లలందరూ తామే వెళ్ళినంత సంబరపడ్డారట. తరువాత రెండేళ్ళకే లోయ అల్లకల్లోలమైంది. వాలులు నిర్మానుష్యమయ్యాయి. ఆయన 1990లో పలకలు అటకపైకి ఎక్కించి చదువుకై బయలుదేరారు. ఆనాటి ఆరుగురు నేస్తాలలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఎలా పోయారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

వాలులకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 1998లో కొంగ్‌డూరి వరకు, 2005లో అఫర్‌వత్ శిఖరం చేరువ వరకు తీగమార్గం ఏర్పడింది. సరిగ్గా 1990లో పుట్టిన టంగ్‌మర్గ్ వాసి ఆరిఫ్ ఖాన్, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు. అయినా నా మిత్రుడు మాత్రం వాలు వైపు పోలేదు. ఆ శీతాకాలం ఆయన మనసు మార్చింది మంచు కాదు, మంచు లేకపోవడం. నలభై రోజుల ‘చిల్లే కలాన్’ దాదాపుగా పొడిగానే గడిచి, జనవరిలో గుల్‌మర్గ్ ఎండుగడ్డితో గోధుమరంగున పడి ఉంది. చివరికి నెలాఖరున మంచు కురిసింది. “మౌలానా సాబ్, వచ్చే ఏడు మోకాళ్ళుంటాయో, మంచుంటుందో! వచ్చి చూడండి” అని ఫోను చేశారు.

అద్దె దుకాణంలోనే మొదటి ఆశ్చర్యం. ఆయన కాలపు పలకలు మనిషి ఎత్తును మించి నిటారుగా ఉండేవట. ఇప్పటివి పొట్టివి, రెండు కొసలా వెడల్పు, నడుమ సన్నం. తోలుబూట్ల స్థానంలో గట్టి ప్లాస్టిక్ బూట్లు. వాటిపై మసహ్ చెల్లుతుందా అని మేమిద్దరం కాసేపు చర్చించాము కూడా. వాటితో పది అడుగులు నడవడమే గగనం కనుక చర్చ తొందరగానే ముగిసింది.

పిల్లలు నేర్చుకునే మెత్తని వాలుపైనే మొదలుపెట్టారు. పదిహేనేళ్ళ మేనకోడలు గురువు. సమతూకం ఆయన దేహంలో చెక్కుచెదరకుండా ఉంది, తొడలలో బలం మాత్రం లేదు. బలంగా ఒళ్ళు తిప్పి మలుపు తీసుకునే పాత అలవాటుతో రెండుసార్లు పడ్డారు. “మామూజాన్, తిప్పకండి. పక్కకు ఒరగండి, పలకే తిరుగుతుంది” అని ఆ పిల్ల అరిచింది. మూడోసారి ఒరిగారు. పలక తిరిగింది. తెల్లని గడ్డం ఎగురుతుండగా ఆయన నా ముందు నుండి నిశ్శబ్దంగా జారిపోయారు. నాలుగు మలుపులు, బహుశా ఐదు. అడుగున ఆగి చాలాసేపు వెనుదిరగలేదు. నేను దగ్గరకు వెళ్ళేసరికి అఫర్‌వత్ వైపు చూస్తూ ఆ ఇద్దరు నేస్తాల పేర్లు మెల్లగా పలికి, వారికోసం దుఆ చేస్తున్నారు.

జొహర్ తరువాత మళ్ళీ ఎక్కుతానన్నారు. అలసిన కాళ్ళతో దిగే ఆఖరి దిగుడులోనే ఎముకలు విరుగుతాయని మేనకోడలు పలకలు లాక్కుంది. నూన్ చాయ్ తాగుతూ ఆయన ఆ అమ్మాయితో బేరం పెట్టుకున్నారు: రేపు ఇదే వాలు, ఎల్లుండి కొంగ్‌డూరి.