పాయింట్లు చెల్లే చోటు, చెల్లని చోటు

డిస్నీ వెకేషన్ క్లబ్‌లో సభ్యులు కొనేది ఫలానా గదినో, ఫలానా వారాన్నో కాదు. ఒక రిసార్టులో చిన్న వాటా కొంటారు. ఆ వాటాకు ఏటా ఇన్నని పాయింట్లు వస్తాయి. వాటా ఉన్నదే సొంత రిసార్టు. మరో రిసార్టులో దిగితే అది లెక్కప్రకారం మార్పిడి కిందికే వస్తుంది, దాన్ని నడపడానికి బ్యూనా విస్టా ట్రేడింగ్ కంపెనీ అనే విడి సంస్థే ఉంది. క్లబ్ రిసార్టుల్లో ఎక్కువ భాగం ఫ్లోరిడాలోని ఓర్లాండో పక్కన, ఒకే డిస్నీ వరల్డ్ ఆవరణలో ఉన్నాయి. బస్సెక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి పోవచ్చు కాబట్టి పాయింటు అంతటా చెల్లే నోటులా కనిపిస్తుంది. నిజానికి దానికి చోటును బట్టి, కాలాన్ని బట్టి, ఎవరి దగ్గర కొన్నారన్నదాన్ని బట్టి హద్దులున్నాయి.

క్లబ్ మొదలైంది 1991లో, ఇప్పుడు ఓల్డ్ కీ వెస్ట్ అంటున్న రిసార్టుతో. డిస్నీ స్ప్రింగ్స్ బజారు నుంచి అక్కడికి పడవలో వెళ్లడమే మేలు. బస్సులో పోతే సగం అందం తప్పిపోతుంది. ససగూలా అని పేరు పెట్టిన నీటి దారి మీద పడవ నింపాదిగా సాగుతుంటే గోల్ఫ్ మైదానం పచ్చదనం, తాటిజాతి చెట్లు, వాటి వెనక లేత రంగులు పూసిన ఇళ్లు, రేకు కప్పులు, తెల్లటి వరండా కమ్మీలు ఒక్కొక్కటే బయటపడతాయి. రేవు దగ్గర చిన్న లైట్‌హౌస్ ఉంటుంది. ఇక్కడి స్టూడియో గది 376 చదరపు అడుగులు, అందులో రెండు పెద్ద మంచాలు. ఒక పడకగది ఉన్న ఇల్లయితే పూర్తి వంటిల్లు, బట్టలుతికే యంత్రం కూడా ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఓర్లాండో చూడ్డానికి వచ్చే తెలుగు కుటుంబాలకు పొయ్యి మీద అన్నం, చారు పెట్టుకునే ఈ వీలు మామూలు హోటల్లో దొరకదు. అయితే లిఫ్టులున్న భవనాలు కొన్నే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్లేవారు ఆ సంగతి ముందే చూసుకోవాలి. ఇంత తీరికైన చోటు ఆ తర్వాత కట్టినవాటిలో కనిపించదు.

మొదటి హద్దు కాలానిది. సొంత రిసార్టులో 11 నెలల ముందే గది తీసుకోవచ్చు. మిగతా రిసార్టుల తలుపు 7 నెలల ముందు గానీ తెరుచుకోదు. మధ్యలోని ఆ నాలుగు నెలల్లోనే అసలు కథంతా నడుస్తుంది. క్రిస్మస్ అలంకరణలు పెట్టే డిసెంబరు మొదటి వారాల్లో తక్కువ పాయింట్లకు వచ్చే గదులు అక్కడి వాటాదారులకే సరిపోతాయి. బయటివాళ్ల వంతు వచ్చేసరికి ఖరీదైనవి మిగిలితే మిగలవచ్చు.

వాడని పాయింట్లు దాచుకోవడానికీ గడువుంది. ఎవరి పాయింట్ల సంవత్సరం వాళ్లకు మొదలయ్యాక తొలి ఎనిమిది నెలల్లో వాటిని వచ్చే ఏడాదికి జమ చేయాలి. జమ చేసినవాటిని ఆపైన ఇంకో ఏడాదికి జరపడం కుదరదు. వచ్చే ఏడాదివి ముందే అప్పు తెచ్చుకుంటే తిరిగి వెనక్కి పెట్టడమూ కుదరదు.

అన్నిటికన్నా కఠినమైన హద్దు రివియెరా రిసార్టులో ఎదురవుతుంది. 2019 డిసెంబరులో తెరిచిన ఈ ఎత్తయిన భవనానికి ఎప్‌కాట్ పార్కు నుంచి స్కైలైనర్ తీగమార్గంలో రావచ్చు. తీగకు వేలాడే ఆ పెట్టెలో ఏసీ లేదు. కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది, ఆగితే మాత్రం ఫ్లోరిడా ఎండ తెలిసొస్తుంది. అయినా కింద నీళ్లు, చెట్లు వెనక్కి పోతుంటే రిసార్టు ఎదురుగా పైకి లేవడం చూసి తీరాల్సిన దృశ్యం. స్టేషను నుంచి భవనానికి నడిచే దారిలో గోడల మీద చిన్నచిన్న పలకలు అతికించి చేసిన మొజాయిక్ బొమ్మలున్నాయి. టాంగిల్డ్ సినిమాలోని దీపాలు గాల్లోకి లేచే బొమ్మ దగ్గర ఆగి, ముఖం ఆనించినంత దగ్గరగా చూస్తే దీపం కాస్తా పసుపు, నారింజ ముక్కలుగా విడిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్లీ వెలుగుతుంది. పైన టవర్ స్టూడియో ఇద్దరికే సరిపోయే 255 చదరపు అడుగుల గది. పగలు సోఫా, రాత్రి గోడలోంచి దించుకునే మంచం. పొందికగానే ఉంటుంది గానీ, ఓల్డ్ కీ వెస్ట్ గదిలో మసలినవాళ్లకు ఇరుకే.

2019 జనవరి 19 నుంచి, పాత 14 రిసార్టుల్లో వేటి వాటానైనా మరో సభ్యుడి దగ్గర కొన్నవాళ్లకు రివియెరాలో ఆ పాయింట్లు చెల్లవు. ఆ తర్వాత వచ్చిన డిస్నీలాండ్ హోటల్ విల్లాలు, ఫోర్ట్ విల్డర్‌నెస్ కేబిన్లదీ అదే వరస. రివియెరా వాటానే మరొకరి దగ్గర కొంటే ఆ పాయింట్లు రివియెరా దాటి బయటికి రావు. కొత్తవాళ్లు కంపెనీ దగ్గరే కొనాలన్నది ఇందులో తేటతెల్లంగా కనిపించే ఉద్దేశం. నేరుగా కొన్నవారూ, చేతులు మారాక కొన్నవారూ పాయింటుకు కట్టే వార్షిక రుసుము మాత్రం ఒకటే. అందుకే ఈ నియమం న్యాయంగా తోచదు. కొనేముందు చూడాల్సింది ధర ఒక్కటే కాదు, ఒప్పందం ముగిసే ఏడాది కూడా. ఓల్డ్ కీ వెస్ట్‌లో చాలా వాటాలు 2042 జనవరి 31తో తీరిపోతాయి, రివియెరావి 2070 వరకు సాగుతాయి.

క్లబ్ దాటి వెళ్లాలంటే బయటి రిసార్టులతో మార్పిడి కుదిర్చే ఎక్స్‌ఛేంజ్ కంపెనీ కావాలి. ఆర్‌సీఐ 1974లో ఇండియానాపోలిస్‌లో, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ 1976లో మయామీలో పుట్టాయి. 2022 నుంచి డిస్నీ సభ్యులకు ఇంటర్వలే దారి. ఇక్కడ మార్పిడి వారం లెక్కన జరుగుతుంది, రుసుము వేరు. తమ ప్రాంతంలోనే వారం కొనుక్కున్నవాళ్లను రానివ్వని రిసార్టులున్నాయి; ఒకసారి దిగినవాళ్లకు నాలుగేళ్లదాకా మళ్లీ ఇవ్వనివీ ఉన్నాయి. మన దగ్గర 1996లో మొదలైన క్లబ్ మహీంద్రాలో కాలపు హద్దు రంగుల రూపంలో ఉంది. పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని సీజన్లు. బ్లూ కొన్నవారికి వేసవి సెలవుల రద్దీలో గది దొరకడం తేలిక కాదు.