ఎర్రగడ్డ పొర, మన బోరు నీళ్ళు

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికగా చదవండి. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు తప్పకుండా చదవండి.

"బోరు నీళ్ళే, కానీ బాగా కాచి తాగుతున్నాం" అనే మాట మన ధర్మపురిలో చాలా ఇళ్ళల్లో వింటుంటాం. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. అది ఒంట్లోకి ఎలా చేరుతుందో తెలియాలంటే ముందు కణం పొర సంగతి తెలియాలి. అందుకే మొన్న సెలవుల్లో మన పిల్లలకు మైక్రోస్కోప్‌లో ఎర్రగడ్డను చూపించాం.

ఎర్రగడ్డ మీది ఊదారంగు పొరను పల్చగా ఒలిచి, గాజు పలక మీద నీటి చుక్కలో పరచి, పైన కవర్ స్లిప్‌ను బుడగ రాకుండా వాల్చాం. ముందు చిన్న లెన్స్‌తో చూసి, తర్వాతే పెద్ద లెన్స్‌కు తిప్పాలి. ఇటుకల గోడలాగా కణాలు కనబడ్డాయి. ఒక పక్క ఉప్పునీళ్ళ చుక్క వేసి, మరో పక్క బ్లాటింగ్ కాగితంతో లాగాం. కాసేపటికి ఊదారంగు గోడను వదిలి లోపలికి ముడుచుకుంది. మంచినీళ్ళు వేస్తే మెల్లగా మళ్ళీ విచ్చుకుంది.

తమిళ మీడియంలో చదివిన మాకు ఇది 'సవ్వూడు పరవల్', అంటే పొర గుండా వ్యాపించడం. తెలుగు పుస్తకాల్లో ద్రవాభిసరణ అంటారు. ఊరగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపితే మర్నాటికి ఊట దిగేదీ ఇలాగే.

నీరు ఈ పొరను సులభంగా దాటుతుంది. సోడియం లాంటివి దాటాలంటే ప్రోటీన్ ద్వారాలు కావాలి. లోపలికొచ్చిన సోడియాన్ని బయటికి తోడే పంపుకు ఏటీపీ ఖర్చవుతుంది. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవాళ్ళలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

ఇంత కాపలా ఉన్నా ఫ్లోరైడ్ దూరిపోతుంది. కడుపులోని ఆమ్లంలో అది హైడ్రోజన్‌తో కలిసి, విద్యుదావేశం లేని చిన్న అణువవుతుంది. ఆ రూపంలో ద్వారం, పంపు ఏదీ అక్కర్లేకుండా పొరను దాటుతుంది. రక్తంలో మళ్ళీ విడిపోయి ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. చిగుళ్ళ కింద పళ్ళు తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ళ లోపే. అప్పుడు పడిన మచ్చ ఎంత తోమినా పోదు. ఏళ్ళ తరబడి ఎక్కువగా చేరితే నడుము, మెడ, కీళ్ళు బిగుసుకుపోతాయి.

ఇది మన ఒక్క జిల్లా బాధ కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్లు 1937లోనే వివరించారు. నల్గొండ కష్టం అందరికీ తెలిసిందే. మన దగ్గర రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. అందుకే జపాన్ రుణంతో హొగేనకల్ పథకం కట్టి, 2013లో కావేరి నీళ్ళు తెచ్చారు.

అయినా ఆ నీళ్ళు తాగడానికి పట్టుకుని, అన్నానికి, పప్పుకు, టీకి బోరు నీళ్ళే పోసే ఇళ్ళు మనలో ఉన్నాయి. అన్నం పీల్చుకున్న నీళ్ళతో ఫ్లోరైడూ కంచంలోకి వస్తుంది. కాబట్టి తాగే నీళ్ళూ వంట నీళ్ళూ ఒకటే కావాలి. మామూలు క్యాండిల్ ఫిల్టరుకు, యూవీ దీపానికి ఇది లొంగదు. ఆర్‌ఓ తగ్గిస్తుంది. అందులో ఒత్తిడి పెట్టి నీటిని పొర గుండా తోస్తారు, ఫ్లోరైడ్ చాలావరకు వెనక ఆగుతుంది. ఆ పొర పాడైతే మార్చాలి. పాలు, పెరుగు, రాగి సంగటిలోని కాల్షియం కడుపులో కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది, కానీ అదొక్కటే చాలదు.

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. ఇది రంగులో, రుచిలో తెలియదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ట్వాడ్ బోర్డు ల్యాబ్‌లో చేస్తారు. మీ వీధి బోరు ఫలితం వస్తే ఇక్కడ కింద రాయండి. ఒకే బోరు వాడే పది ఇళ్ళకు ఆ ఒక్క అంకె పనికొస్తుంది.