99 పైసల భూమి, 12,000 ఉద్యోగాలు

2025 ఏప్రిల్‌లో విశాఖలోని రుషికొండ ఐటీ హిల్‌పై 21.16 ఎకరాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీసీఎస్‌కు 99 పైసలకే కేటాయించింది. పెట్టుబడి రూ.1,370 కోట్లు, వస్తాయన్న ఉద్యోగాలు 12,000. విశాఖకు దగ్గర్లోని చోడవరంలో పిల్లల్ని ఇంజినీరింగ్ చదివిస్తున్న ఇళ్లు ఆ అంకెను గుర్తుపెట్టుకోకుండా ఎలా ఉంటాయి?

మూడు నెలలు తిరిగాయో లేదో, జూలైలో అదే కంపెనీ మరో లెక్క చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా ఉన్న సిబ్బందిలో 2 శాతం మందిని తగ్గిస్తుందట. అంటే 12,000 పైచిలుకు! అంకెలు కలవడం కాకతాళీయమే. అయినా చదివినవాడికి చురుక్కుమనక మానదు.

వేటు ఎక్కువగా మధ్య, సీనియర్ స్థాయిల మీద. కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు పొసగకపోవడమేనని సీఈఓ కృతివాసన్ వివరణ. కొంత నిజమే కావచ్చు. కానీ జూన్‌లో వచ్చిన బెంచ్ నిబంధననూ దీనితో కలిపి చూడాలి. ఉద్యోగి ఏడాదికి 225 రోజులు క్లయింటుకు బిల్లు వేయగల పనిలో ఉండాలి, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు దాటకూడదు. కోడింగ్ వదిలేసి ఏళ్ల తరబడి టీములు నడిపిన మేనేజరుకు అంత గడువులో ప్రాజెక్టు ఎవరిస్తారు?

ఒక సంస్థను నమ్ముకుని దిగులుపడటం చోడవరానికి కొత్త కాదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ బకాయిల కోసం చెరకు రైతులు రోడ్డెక్కడం చూసిన ఊరే. ఇప్పుడు ఈ కోతలపై ఐటీ వాళ్ల తరఫున నైట్స్ అనే పుణె సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది.

ఆ 12,000 ఉద్యోగాల మాట ఎంతవరకు నిలిచిందో తెలియాలంటే, విశాఖ క్యాంపస్‌లో కొత్తగా చేరినవాళ్లెందరో, వేరే ఊళ్ల నుంచి బదిలీపై వచ్చినవాళ్లెందరో ప్రభుత్వం ఏటా బయటపెడితే బాగుండు.