మా పద్యాల గ్రూపు ఇల్లు మారింది

ఇరవై రెండేళ్ల కాపురంలో మేం నాలుగిళ్లు మారాం. ఏ ఇంటికీ ఇంత చర్చ జరగలేదు. మా పద్యాల గ్రూపు ఒక ఫోన్ యాప్ నుంచి ఇంకో యాప్‌కు మారడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

మేం అరవై మందిమి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఆడవాళ్లం. 2020 లాక్‌డౌన్‌లో వాట్సాప్‌లో మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున ఒకావిడ సమస్య ఇస్తుంది, అంటే పద్యంలో చివరి పాదం. పై మూడు పాదాలూ మేం అల్లాలి. ఎక్కువగా ఆటవెలదే. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రాస బాధ లేదు కాబట్టి పప్పు ఉడికేలోగా ఒక పాదం కూడబలుక్కోవచ్చు. బీఏలో ఛందస్సు మార్కుల కోసం చదివాను. ఇప్పుడు కుక్కర్ విజిల్ కూడా గణాల్లోనే వినిపిస్తోంది, మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

అంతా బాగుందనుకుంటుండగా గ్రూపు లింకు ఎవరి చేతుల మీదుగానో బయటికి పోయింది. తెలియని నంబర్లు చేరాయి. గ్రూపులో ఉన్నవాళ్లకు అందరి ఫోన్ నంబర్లూ కనబడతాయి కదా. మాలో వనపర్తి పిల్ల ఒకతి ఉంది, పెళ్లై మూడేళ్లు. ఆమెకు రాత్రి పదింటికి ఎవడో ఫోన్ చేశాడు. “మీ పద్యం చాలా బాగుంది మేడం” అని మొదలుపెట్టాడట. మూడోరోజు ఫోన్ వాళ్లాయన ఎత్తాడు. నాలుగోరోజు ఆమె గ్రూపులో లేదు. అప్పుడప్పుడే నడక పట్టుబడుతున్న పిల్ల. యతి దగ్గర మాత్రం హల్లు కలిపి అచ్చు మరిచిపోయేది, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

వాణ్ని తీసేశాం. తీసేస్తే ఏం లాభం, నంబరు పోనే పోయింది. తప్పు చేసింది వాడు, పద్యం మానేసింది ఈమె. ఇట్లాంటివి మీ ఇళ్ల చుట్టూ కూడా చూసే ఉంటారు.

అందుకని నంబరు కనబడని చోటు వెతికాం. ఫేస్‌బుక్ అంటే సగం మంది వెనక్కి తగ్గారు. అక్కడ ఆడబిడ్డలు, తోడికోడళ్లు, పినమామలు అందరూ ఉంటారు. ఈ-మెయిల్ గ్రూపు అన్నారొకరు. మాలో చాలామంది ఈ-మెయిల్ పిల్లలు తెరిచి ఇచ్చింది, పాస్‌వర్డ్ వాళ్లకే తెలుసు! చివరికి టెలిగ్రామ్ దగ్గర ఆగాం. సెట్టింగ్స్‌లో నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు. వాట్సాప్ మాటలన్నీ తెచ్చి అందులో పెట్టుకునే వీలు 2021 జనవరి నుంచీ ఉంది. కొత్తగా చేరినవాళ్లు పాతవి చదువుకోవచ్చు.

అందరూ సరేనన్నారు, కొల్లాపురం వైపు పెద్దమ్మ తప్ప. డెబ్బై ఎనిమిదేళ్లు. టైపు చేయడం రాదు, పద్యాలన్నీ వాయిస్ మెసేజీలే. గణాల పేర్లు తెలియవు గానీ యతి తప్పితే ఆమె చెవికి ముల్లు గుచ్చుకున్నట్టే. “ఆ కాయిదం ఇమానం బొమ్మ నాకొద్దు బిడ్డా. పచ్చబొమ్మ ఒత్తుడే నాకు తెల్సు. మీరు వోండ్రి, నేనీడనే ఉంట” అంది.

ఒక్కరి కోసం అరవై మంది ఆగాలా అని చిన్నవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాకు మాత్రం మా పాలమూరు కథ గుర్తొచ్చింది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల్లో కవులకు ఒకప్పుడు గొప్ప ఆదరణ. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే ఉండేది. తిరుపతి వేంకట కవులు ఇటు వచ్చి సన్మానాలు పొంది వెళ్లారు. 1948లో హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిశాక ఆ సంస్థానాలూ పోయాయి, కవుల గూళ్లూ పోయాయి. అంతకుముందే, 1934లో, మన ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను అచ్చేశారు. తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు అదీ జవాబు. అందులోకి ఎక్కినవాళ్లు మిగిలారు. సభలో చదివి ఇంటికెళ్లిపోయిన వాళ్ల సంగతి ఎవరు చెప్పాలి?

ఫోన్ల లోకంలోనూ అంతే. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో మూతపడ్డాయి. వాటిలో తెలుగువాళ్లు ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో! దించుకుని దాచుకున్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. అందుకే, ఏ యాప్ అనేది తర్వాత, ముందు పెద్దమ్మ పద్యాలు కాగితం మీదికి రావాలని పట్టుబట్టాను.

వాయిస్ మెసేజీలు నాలుగొందల పైచిలుకు. ముగ్గురం పంచుకున్నాం. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లాంగ్ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. పద్యం వెనక కోడి కూస్తుంది, మిక్సీ తిరుగుతుంది, చీపుర్లమ్మే మనిషి పోతాడు. ఒకదాంట్లో రెండో పాదం మధ్యలో ఆగి “పాలు పొంగుతున్నయ్ సూడే!” అని కోడల్ని కేకేసి, మళ్లీ తెగిన చోటినుంచే అందుకుంది, గణం తప్పకుండా. అది రాయాలా వద్దా అని మాలో మాకు వాదన. పద్యాల పుస్తకంలో పాలెందుకు అన్నారు మిగతా ఇద్దరూ. నేను రాశాను. నా వంతు నోట్‌బుక్ కదా!

ఆ తర్వాతే గ్రూపు టెలిగ్రామ్‌కు కదిలింది. పెద్దమ్మ పచ్చబొమ్మలోనే ఉంది, మేం ముగ్గురం తోడుగా. ఆదివారం సమస్యను నా గొంతుతో చెప్పి ఆమెకు పంపుతాను. పూరణ రాగానే అక్కడికి మోసుకుపోతాను, అక్కడి మెచ్చుకోళ్లు ఇక్కడికి తెస్తాను. “ఏమన్నరు, ఏమన్నరు?” అని సాయంత్రం దాకా నాలుగుసార్లు అడుగుతుంది. దీనికి రోజూ కాసేపు నా టైం పోతుంది. పోనీ.

వనపర్తి పిల్లకు లింకు పంపలేదు. చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు ఇంటికే వెళ్లి, ఫోన్ తెరిచి, నంబర్లు ఎట్లా కనబడవో చూపించాను. వాళ్లాయన కూడా పక్కన కూర్చుని చూశాడు. “చూద్దాం లే అక్కా” అన్నాడు. ఆ పిల్ల టీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్లింది, ఏమీ అనలేదు.

పోయిన ఆదివారం ‘తేటగీతి’ అనే పేరుతో ఎవరో కొత్తగా చేరి ఒక ఆటవెలది పెట్టారు. ఊరు లేదు, ఫొటో లేదు. మూడో పాదంలో యతి దగ్గర హల్లు కలిసింది, అచ్చు కలవలేదు.