హ్యాండిల్ ఎందుకు ఊగిందంటే...

ముందే చెప్పేస్తున్నా, నేను రేసర్ని కాదు. వారానికి ఐదు రోజులు ఏసీలో కూర్చుని జావా కోడు రాసుకునే మామూలు ప్రాణిని. కాకపోతే నా దగ్గరో ఆఫ్‌రోడ్ బైకుంది. రెండొందల సీసీ, ముందు 21 అంగుళాల చక్రం, చూడ్డానికి పొడుగ్గా బక్కగా కొంగలా ఉంటుంది. శనాదివారాల్లో దాన్నేసుకుని మట్టి రోడ్లు వెతుక్కుంటూ పోవడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం.

కిందటి ఎండాకాలం తమ్ముణ్ణి వెనకెక్కించుకుని వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు వాడి వెనకాల రెండు బ్యాగులు కట్టాం. చేవెళ్ళ రోడ్డు మీద స్పీడు ఎనభై దాటిందో లేదో, ఓ చిన్న గుంత తగిలి హ్యాండిల్ ఊగడం మొదలెట్టింది. ముందు సన్నగా, తర్వాత అటూ ఇటూ టపటపా కొట్టేసుకుంటూ. సెకనుకి ఏడెనిమిది సార్లు ఊగుతున్నదాన్ని చేతులతో పట్టి ఆపడం అయ్యే పని కాదని నాకప్పుడే తెలిసింది. బ్రేకు జోలికి పోకుండా, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా నొక్కి కూర్చున్నాను. అరవైకి వచ్చాక దానంతటదే ఆగింది. తమ్ముడు "ఏంట్రా అన్నా, డాన్సులా?" అన్నాడు. వాడికి విషయం అర్థం కాలేదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి మన సాఫ్ట్‌వేర్ బుర్రతో ఆలోచించాను. హ్యాండిల్ ఊగుతోంది, ఊగకుండా ఆపే సామానేదో ఒకటి ఉండే ఉంటుంది, కొనేస్తే పోలా? ఉంది. దాని పేరు స్టీరింగ్ డాంపర్. ఊళ్ళు తిరగడం మానేసిన ఓ సహోద్యోగి దగ్గర వాడినది దొరికింది. వాడినదైనా నా నెల ఇంటద్దె కన్నా ఎక్కువే పడింది లెండి.

ఇంతకీ ఇదేం చేస్తుందంటే, మీ ఆఫీసు తలుపు పైన డోర్ క్లోజర్ ఉంటుంది చూడండి, అదే సూత్రం. తలుపుని మెల్లగా తోస్తే మెల్లగా వస్తుంది, విసురుగా తోస్తే ఎదురు తిరుగుతుంది. లోపల నూనె ఉంటుంది, ఆ నూనె సన్నటి దారిలోంచి పోవాలి. ఎంత వేగంగా తోస్తే అంత అడ్డం. డాంపరూ అంతే. మామూలుగా మలుపు తిరిగేటప్పుడు అది ఉన్నట్టే తెలీదు. రాయి తగిలి హ్యాండిల్ విసురుగా తిరగబోతే మాత్రం పట్టుకుంటుంది. రోడ్డు రేసు బళ్ళకి సైకిలు పంపులా సన్నగా పొడుగ్గా ఉండేది పెడతారు. మట్టి బళ్ళలో హ్యాండిల్ చాలా దూరం తిరగాలి, పైగా పడితే ఆ పొడుగాటిది వంకరపోతుంది. అందుకని వీటికి గుండ్రంగా అరచేతిలో పట్టేంత డబ్బా ఉంటుంది. హ్యాండిల్ మధ్యలో, క్లాంపు పైనో కిందో కూర్చుంటుంది. దాన్నుంచి ఓ చిన్న చెయ్యి వెనక్కి వచ్చి, ఫ్రేముకి బిగించిన నిలువు పిన్నుకి తగులుకుంటుంది. ఇదేమీ కొత్త వింత కూడా కాదు. నూనె లేకుండా రాపిడితోనే పనిచేసే డాంపర్లు పాత బ్రిటిష్ బైకులకుండేవి, స్టీరింగ్ మీద నాబు తిప్పి బిగించుకునేవాళ్ళు. 2008లో హోండా తన మోటోక్రాస్ బళ్ళకి కంపెనీ నుంచే డాంపర్ పెట్టి ఇచ్చింది.

సరే, కొన్నాను. బిగించేదెవరు? మా టీమ్‌లో ఓ పాతబస్తీ కుర్రాడున్నాడు. "బహదూర్‌పురాలో ఓ చాచా ఉన్నాడు భాయ్, ఆయన తప్ప ఇంకెవరి చేతా ముట్టించకు" అన్నాడు. ఓ శనివారం బయల్దేరాను. 2025 జనవరిలో మొదలైన ఆరాంఘర్ ఫ్లైఓవర్ ఎక్కితే నాలుగు కిలోమీటర్లు గాల్లోనే వచ్చి జూపార్కు దగ్గర దింపుతుంది. 1963 నుంచీ ఉన్న జూ అది, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు బస్సులో తీసుకొచ్చింది గుర్తు. ఆ వెనకాలే మీర్ ఆలం చెరువు. రెండొందల ఏళ్ళ నాటి ఆ కట్టని నిటారుగా కాకుండా వరసగా అర్ధచంద్రాకారపు కమానుల్లా కట్టారు. నీళ్ళ బరువుని ఎదురొడ్డి ఆపకుండా, కమానుల్లోంచి పక్కలకి పంచేస్తుందన్నమాట. ఎదురొడ్డడమే ఉపాయం కాదని ఆ రోజు నాకు ఇంకో రకంగా తెలియబోతోంది.

చాచా షాపు అంటే ఓ షట్టరూ, ముందర రెండు బళ్ళు పట్టేంత జాగా. డాంపర్ డబ్బా చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మాల్ అచ్ఛా హై, కైకూ?" అన్నాడు. చేవెళ్ళ రోడ్డు కథంతా చెప్పాను. ఆయన డబ్బా పక్కన పెట్టేసి, ఇంజను కింద స్టాండు పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తిప్పాడు. సరిగ్గా మధ్యకి రాగానే ఏదో గాడిలో పడ్డట్టు టక్కున ఆగింది. నన్ను తిప్పి చూడమన్నాడు. నాకూ తెలిసింది. తర్వాత చిమ్టా కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. లోపల కటుక్ మంది.

విషయం ఏంటంటే, చిమ్టా ఫ్రేములో తిరిగే చోట పైనా కిందా బాల్ రేసర్లు ఉంటాయి. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కదా, గుంతల దెబ్బలన్నీ ఆ ఒక్క చోటే తగిలి రేసులో గుంటలు పడతాయి. దానికి తోడు నట్టు వదులైతే ఆట మొదలవుతుంది. ఎయిర్‌పోర్టు ట్రాలీలో ఓ చక్రం పిచ్చెక్కినట్టు కొట్టుకుంటుంది చూడండి, అదే జబ్బు. నేను వెనకాల మనిషినీ బ్యాగుల్నీ ఎక్కించి ముందు చక్రం మీద బరువు తగ్గించాను. పైగా మట్టి కోసం తగ్గించిన టైరు గాలి మళ్ళీ కొట్టించకుండానే హైవే ఎక్కాను. పాపాలన్నీ నావే :-)

"ఐతే రేసర్లు తర్వాత మార్చుదాం, ఇవాళ్టికి డాంపర్ పెట్టెయ్ చాచా" అన్నాను. ఆయన నవ్వలేదు. "దాంత్ సడ్ గయా బేటా. దర్ద్ కీ గోలీ ఖాకే ఘూమ్‌తా క్యా?" అన్నాడు. పన్ను పుచ్చింది, నొప్పి మాత్ర మింగి తిరుగుతావా అని. తర్వాత తెలుగులోకి దిగి ఇంకా స్పష్టంగా చెప్పాడు. "ఇది పెడితే హ్యాండిల్ ఊగదు. నువ్వు బాగైందనుకుంటావ్. లోపల అరిగేది మాత్రం అరుగుతనే ఉంటది, నీకు తెల్వది. ఇప్పుడు ఎనభైకి చెప్పింది. అప్పుడు నూటికి చెప్తది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆఫీసులో ఇదే పని నేను చేశాను. ఓ సర్వర్లో మెమరీ లీకు ఉంటే, ఎక్కడ లీకవుతోందో వెతికే ఓపిక లేక, రోజూ తెల్లవారుజామున రెండింటికి రీస్టార్ట్ చేసే స్క్రిప్టు పెట్టాను. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆ స్క్రిప్టు ఇంకా నడుస్తూనే ఉంది. తేడా ఏంటంటే, దాని మీద మా తమ్ముడు కూర్చోలేదు.

ఆ రోజు కోన్ సెట్టు మార్చి, గ్రీజు పెట్టి, నట్టు బిగించి పంపాడు. ఆ బిగింపుకీ ఓ లెక్కుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్‌ని మధ్య నుంచి కాస్త తోస్తే తన బరువుకి తనే పక్కకి పడిపోవాలి. ఎక్కడా పట్టకూడదు, ఆటా ఉండకూడదు. రెండు వారాలు డాంపర్ లేకుండా తిప్పి రమ్మన్నాడు. తిప్పాను. చేవెళ్ళ రోడ్డు మీదే, టైర్లలో సరైన గాలితో, ఈసారి ఒక్కణ్ణే. ఊగలేదు.

అప్పుడు బిగించాడు డాంపర్. ఫ్రేముకి పిన్ను వెల్డింగ్ చేద్దామా అంటే చాచా తల అడ్డంగా ఊపాడు. అక్కడ వేడి చేస్తే ఫ్రేము బలం పోతుంది, పైగా ఛాసిస్ నంబరు సాధారణంగా ఉండేది ఆ చుట్టుపక్కలే, దాని జోలికి పోతే ఆర్టీయే ఆఫీసులో జవాబు చెప్పుకోలేం. పక్క గల్లీలో లేత్ మీద రెండు ముక్కల క్లాంపు చేయించాడు. డబ్బా ఇరుసు స్టీరింగ్ ఇరుసుకి సరిగ్గా పైనే ఉండేలా చూశాడు. అది పక్కకి జరిగితే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ చెయ్యి పట్టేస్తుంది. రెండు వైపులా చివరిదాకా తిప్పి కేబుళ్ళు లాగట్లేదని, ట్యాంకుకి ఏదీ తగలట్లేదని చూశాకే తాళం చేతికిచ్చాడు.

నేను ఊరుకుంటానా, ఎక్కువ పెడితే ఎక్కువ సేఫ్ అనుకుని బిగువు నాబు బాగా తిప్పేశాను. పురానాపూల్ వైపు ట్రాఫిక్‌లో నడకలాగా పోతుంటే బండి తాగినట్టు అటొకసారి ఇటొకసారి పడిపోతోంది. మెల్లగా పోయేటప్పుడు మనకి తెలీకుండానే హ్యాండిల్‌ని క్షణక్షణం సర్దుతూ బ్యాలెన్సు చేస్తాం. ఆ సర్దడానికే అడ్డం పడుతోంది ఇది. ఎక్కువ స్పీడులోనూ అతి బిగువు మంచిది కాదు. హ్యాండిల్ వణుకు తగ్గుతుంది గానీ బండి మొత్తం పాములా మెలికలు తిరిగే జబ్బు పెరగొచ్చు. అన్నిటికన్నా వదులు నుంచి మొదలెట్టి, ఒక్కో రెండు క్లిక్కులు పెంచుకుంటూ పోవడమే సరైన పద్ధతి.

అలా సర్దుకున్నాక మళ్ళీ రాళ్ళ దారిలోకి వెళ్ళాను. తేడా నిజంగా ఉంది. ఇంతకుముందు ఓ రాయి ముందు చక్రాన్ని పక్కకి తన్నితే ఆ దెబ్బ మణికట్టు దాకా వచ్చేది. ఇప్పుడు ఎవరో భుజమ్మీద చెయ్యేసి తోసినట్టుంటుంది, అంతే. ఇసకలో కూడా చక్రం ఒక్కసారిగా మడతపడిపోకుండా కాస్త వ్యవధి ఇస్తుంది. అయితే నిలబడి నడపడం, బరువు వెనక్కి ఉంచడం, యాక్సిలరేటర్ వదలకపోవడం మనమే చెయ్యాలి. సాయంత్రానికి ముంజేతులు పట్టేయడం మాత్రం బాగా తగ్గింది.

కానీ ఓ సంగతి గమనించాను. డాంపర్ పెట్టాక బండి నాతో మాట్లాడ్డం తగ్గించింది. అందుకే మూడు నెలలకోసారి ఆ చెయ్యిని పిన్నులోంచి ఊడదీసి, చక్రం లేపి, చాచా చేసినట్టే ఒక్క వేలితో తిప్పి చూస్తాను. మొన్న తమ్ముణ్ణి మళ్ళీ ఎక్కించుకునే ముందు కూడా చూశాను. వాడు "ఏం వెతుకుతున్నావన్నా?" అన్నాడు. "పుచ్చిపన్ను" అన్నాను.

సోమవారం ఆఫీసుకెళ్ళగానే ఆ రీస్టార్ట్ స్క్రిప్టు తీసేసి లీకు వెతకడం మొదలెట్టాను. ఇంకా దొరకలేదు. మేనేజరుకి కోపంగా ఉంది. చూద్దాం.