తెల్ల దోతి

హాస్టల్లో నన్ను "ఫోటోల పిచ్చోడు" అంటారు. అనరా మరి! నారాయణఖేడ్ దగ్గర మా చేనుకు పోయినా నేను కంది మొక్కను చూడను, దానిమీద పడే వెలుతురును చూస్తాను. "వీనికి పంట గాదు, నీడ కావాలె" అని నాయిన నవ్వుతాడు.

కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో చేసిన డిజిటల్ కెమెరాకు ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపుకెక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. నా ఫోనుకు రెప్పపాటు చాలు. అయినా ఆలస్యం నేనే చేశాను.

తాతను ఫోటో తీస్తానంటే, "గీ మట్టిబట్టల మీదనా బిడ్డా? జొన్నకోతలు కానీ, తెల్ల దోతి కట్టుకుంట" అనేవాడు. నేనూ మంచి సాయంత్రపు వెలుగు కోసం ఆగాను. కోతలయ్యాయి. అప్పటికి తాత లేడు.

వెతికితే ఒక్కటే దొరికింది. ఫోను కొన్నరోజు ఊరికే నొక్కింది. ఎద్దులకు నీళ్లు పెడుతున్న తాత వీపు, అదీ కదిలిపోయింది. ప్రింటు తీయిస్తే అమ్మ గోడకు పెట్టింది. "ఆ నడుం వంగిన తీరు చూడు, మీ తాతనే" అంది.

మొన్న నాయిన బురదకాళ్లతో మోటారు దగ్గర నుంచి వస్తున్నాడు. ఆగమనలేదు, నొక్కేశాను. వెలుగు రేపు కూడా వస్తుంది. మనుషుల సంగతే చెప్పలేం.